ఇంద్రావతి గడియారం కాదు

జగదల్‌పూర్ దగ్గర ఇంద్రావతిలో వాలుకు ఈదినవాడికి తాను గజ ఈతగాణ్ణని అనిపిస్తుంది. అదే దూరం ఎదురీది వెనక్కి రావాలంటే భుజాలు పీకుతాయి. మనిషి అతనే, బలం అదే. మారింది నీరు. ప్రవాహం సెకనుకు అర మీటరు ఉందనుకోండి. సెకనుకు ఒక మీటరు ఈదగలవాడు వాలుకు ఒకటిన్నర మీటర్లు పోతాడు, ఎదురుకు అర మీటరే పోతాడు. మూడు రెట్ల తేడా. అందుకే వేగం పెంచుకోవాలనుకున్నవాళ్లు ముందుగా నదిని వదిలి, కొలిచిన నీటికి రావాలి. వానాకాలంలో నదిలో సాధన అసలే వద్దు. ఇంకాస్త దిగువన చిత్రకోట దగ్గర ఇదే నీరు సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది.

ఊళ్లో దళపత్ సాగర్ ఉంది కదా అనవచ్చు. ఓరుగల్లు కాకతీయుల వారసులమని చెప్పుకున్న బస్తర్ రాజవంశంలో దళపత్ దేవుడు తవ్వించిన చెరువది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులు చూసిన మనకు ఆ సంగతి వింతగా తోచదు. నీరు నిలకడే. కానీ గుర్రపుడెక్క బాధ చాలాకాలం పడిన చెరువు. పైగా గోడా గీతా లేనిచోట కొలత కుదరదు. 25 మీటర్లో 50 మీటర్లో ఉన్న స్విమ్మింగ్ పూల్, చేతిలో ఒక గడియారం కావాలి.

పెద్దవాళ్లకు పోటీలెక్కడివి అని కొందరికి సందేహం. మాస్టర్స్ (వయోజనుల విభాగం) అనే ఏర్పాటు అందుకే ఉంది. 25 ఏళ్లు నిండినవారు ఇందులో పోటీ చేయవచ్చు. 25–29, 30–34 ఇలా అయిదేళ్లకో వర్గం. నలభై అయిదేళ్ల మనిషి ఇరవై ఏళ్ల కుర్రాడితో తలపడనక్కర్లేదు. ప్రపంచ ఈత సమాఖ్య తన తొలి మాస్టర్స్ పోటీలను 1986లో టోక్యోలో జరిపింది.

వయసు మీరాక వేగం పెరుగుతుందా? ఆంథొనీ ఎర్విన్ అనే అమెరికన్ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి బార మార్చి బార వేసే ఈత) స్వర్ణాన్ని 21.98 సెకన్లలో ఈది మరొకరితో పంచుకున్నాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. 2016లో రియోలో, ముప్పై అయిదేళ్ల వయసులో, అదే దూరం 21.40లో ఈది మళ్లీ గెలిచాడు. ఈలోగా దూకే దిమ్మెలు మెరుగయ్యాయి, అది కూడా లెక్కలో వేసుకోవాలి. డారా టోరెస్ అనే అమెరికన్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 41 ఏళ్లకు మహిళల విభాగంలో అదే పందెంలో రజతం అందుకుంది. స్వర్ణం సెకనులో నూరో వంతు తేడాతో పోయింది. వీళ్లు చిన్ననాటి నుంచీ పోటీల్లో ఉన్నవాళ్లే, నిజమే. మన గోలి శ్యామల కథ వేరు. నాలుగు పదులు దాటాకే ఆమె ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. దూరం దాదాపు 30 కిలోమీటర్లు. అంటే నూరు మీటర్లకు సగటున రెండు నిమిషాల 45 సెకన్లు. ఒక్క నూరు మీటర్లే అయితే ఇది నిదానం. పదమూడు గంటలు నిలబెట్టడంలో ఉంది ఆ పని గొప్పతనం. వేగం, ఓర్పు వేరువేరు సరుకులు. ఈ వ్యాసం మొదటి దాని గురించి.

నీరు గాలికన్నా సుమారు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది. అది శరీరాన్ని వెనక్కి పట్టే బలాన్ని డ్రాగ్ (నిరోధం) అంటారు. వేగం పెరిగితే నిరోధం వేగం వర్గంగా పెరుగుతుంది. దాన్ని గెలవడానికి ఖర్చయ్యే సామర్థ్యం ఘనంగా పెరుగుతుంది. పది శాతం వేగంగా పోవాలంటే మూడో వంతు ఎక్కువ సామర్థ్యం కావాలి. నలభై ఏళ్ల గుండె, కండరం అంత అదనం ఎక్కడి నుంచి తెస్తాయి? కొంత తెస్తాయి. మిగతాది నిరోధం తగ్గించుకునే సంపాదించాలి. అక్కడ వయసు అడ్డురాదు.

బావుల్లో, ఏళ్లలో నేర్చుకున్నవాళ్లది ఒక అలవాటు: తల నీటిపైకి ఎత్తి ఈదుతారు. బెండు కట్టుకుని దిగుడుబావిలో నేర్చుకున్న నాదీ అదే అలవాటు. ఏటిలో అది తెలివైన పనే, ఎదుట కొట్టుకొచ్చే దుంగ కనబడాలి కదా. పూల్‌లో మాత్రం నష్టం. ఊపిరితిత్తుల వల్ల ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువు. తల పైకి లేచిన కొద్దీ కాళ్లు కిందికి దిగుతాయి. అప్పుడు శరీరం నీటికి బాణంలా కాక, ఏటవాలు పలకలా ఎదురవుతుంది. మందు చవకే. చూపు పూల్ అడుగున ఉంచాలి. ఊపిరి నీటిలోనే వదిలేయాలి. ఒళ్లు పక్కకు ఒరిగినప్పుడు తల దానితోపాటు తిరిగి గాలి తీసుకోవాలి. వినడానికి ఇంతే. అలవాటు పడడానికి నెలలు పడుతుంది, ముందు కొన్ని వారాలు వేగం తగ్గుతుంది కూడా.

తరవాత చెయ్యి. అరచెయ్యి ఒక్కటే కాదు, మోచెయ్యి దాకా అంతా తెడ్డు. మోచెయ్యి పైన నిలిచి, ముంజేయి నిలువుగా దిగితేనే నీరు వెనక్కి నెట్టబడుతుంది. మోచెయ్యి జారితే చెయ్యి నీటిని కోసుకుంటూ పోతుంది, అంతే.

ఇక్కడో చిన్న లెక్క. నిమిషానికి 60 బారలు, బారకు ఒక మీటరు అయితే నిమిషంలో 60 మీటర్లు. తొందరపడి 64 బారలు వేశారు, నీటి పట్టు జారి బార 90 సెంటీమీటర్లకు కుదించుకుంది. ఇప్పుడు పోయింది 57.6 మీటర్లే. చేతులు జోరుగా ఆడాయి, ఆయాసం పెరిగింది, మనిషి వెనకబడ్డాడు. కాబట్టి ప్రతి 25 మీటర్లకూ బారలు లెక్కపెట్టాలి. సమయంతోపాటు ఆ అంకె కూడా రాసుకోవాలి.

ఇక సాధన. 1990ల ఆరంభంలో జపాన్ పరిశోధకుడు వకాయోషి బృందం క్రిటికల్ స్పీడ్ (అలసటకు లొంగకుండా చాలాసేపు నిలబెట్టగల హద్దు వేగం) అనే కొలతను ఈతకు తెచ్చింది. 400 మీటర్లు ఒకసారి, బాగా సేదదీరాక 200 మీటర్లు ఒకసారి పూర్తి ప్రయత్నంతో ఈదాలి. మొదటిది 8 నిమిషాలు, రెండోది 3 నిమిషాల 45 సెకన్లు పట్టిందనుకోండి. తేడా 255 సెకన్లు, దూరంలో తేడా 200 మీటర్లు. అంటే నూరు మీటర్లకు సుమారు 2 నిమిషాల 7 సెకన్లు. ఈ వేగంతో నూరేసి మీటర్లు పదిసార్లు, మధ్య పదిహేను ఇరవై సెకన్ల విరామంతో ఈదితే ఓర్పు పెరుగుతుంది.

పొట్టి పందేలకు ఇది చాలదు. ఫాస్ఫోక్రియేటిన్ (కండరంలో నిలవుండే తక్షణ ఇంధనం) పూర్తి బలంతో ఈదితే పది సెకన్లలోనే చాలామటుకు అయిపోతుంది, తిరిగి నిండడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. కాబట్టి 25 మీటర్లు శక్తికొద్దీ ఈది, గోడ పట్టుకుని తీరిగ్గా నిలబడాలి. ఆ నిలబడడం బద్ధకమని చాలామంది సిగ్గుపడి విరామం తగ్గిస్తారు. అప్పుడది వేగసాధన కాకుండా పోతుంది.

వారానికి ఇలాంటి గట్టి రోజులు రెండు, మహా అయితే మూడు. పెద్దవాళ్లకు కోలుకోవడం నెమ్మది, భుజం కీలు త్వరగా మొరాయిస్తుంది. నొప్పి మొదలైన రోజు కాళ్ల సాధనతో సరిపెట్టుకోవాలి.

ఆరు వారాల తరవాత మళ్లీ అదే 400, అదే 200. 400 మాత్రమే 7 నిమిషాల 50 సెకన్లకు దిగితే హద్దు వేగం 2 నిమిషాల 2 సెకన్లకు మెరుగుపడుతుంది. అలా కాక 200 మాత్రమే 3 నిమిషాల 40 సెకన్లకు దిగిందనుకోండి, లెక్క 2 నిమిషాల 10 సెకన్లు చూపిస్తుంది. అంటే దిగజారినట్టు. ఆ అంకె చూసి బెంగపడిన మనిషి నిజానికి 200 మీటర్లను అయిదు సెకన్లు ముందే ముగించాడు. 50 మీటర్ల పందేనికి పేరిచ్చినవాడైతే అతనికి కావలసింది అదే. 400కు పేరిచ్చి ఉంటే మాత్రం నూరు మీటర్ల విడతలు ఇంకా పెంచుకోవాలి.