మంట ఆరింది, లెక్క తేలలేదు

పాశర్లపూడి మంట చూసినవాళ్లు కోనసీమలో ఇంకా ఉన్నారు. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ 19వ నంబరు బావి బ్లోఅవుటైంది, గ్యాసు అదుపు తప్పి ఎగదన్ని అంటుకుంది. మంట ఆరేసరికి మార్చి 15. రెండు నెలల పైనే! ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు రావాల్సి వచ్చింది.

2014 జూన్ 27న అదే కోనసీమలోని నగరం గ్రామంలో ఇంకా ఘోరం. గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాసు తెల్లవారేసరికి ఊరి మీద పరుచుకుని ఉంది. పొయ్యిలు వెలిగించే వేళ. ఒక్క నిప్పురవ్వ చాలింది. ఇళ్లూ కొబ్బరి చెట్లూ మాడిపోయాయి, 20 మందికి పైగా చనిపోయారు. గ్యాసుతో పాటు వచ్చిన నీరు పైపును లోపలి నుంచి తినేసిందని తరవాత తేలింది. వాసన వస్తోందని ముందే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

పేలితే మంత్రులొస్తారు, పరిహారం ప్రకటిస్తారు. పేలకుండా ఏళ్ల తరబడి పక్కనే ఉండే బావి సంగతి? బావి దగ్గర గ్యాసు మండించే చోట మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు, కొంత బెంజీన్ గాల్లో కలుస్తాయి. రాత్రీ పగలూ వేడి, వెలుగు, రొద. దగ్గొస్తే గ్యాసు వల్లేనంటుంది ఊరు, కాదంటుంది కంపెనీ. ఊరి మాట పూర్తిగా నిజమని నేననను. కట్టెల పొయ్యి పొగ ఉంది, లారీల పొగ ఉంది. కానీ ఆసుపత్రి చీటీ మీద ఊరి పేరు రాస్తారు గానీ, ఇంటికి బావి ఎంత దూరమో రాయరు కదా!

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఈ దూరాన్నే కొలిచారు. బావికి కిలోమీటరు లోపు ఉన్న తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టడం ఎక్కువని 2017లో తేల్చారు. అక్కడివి రాతిపొరలు పగలగొట్టి గ్యాసు తీసే బావులు, వాటి లెక్క మనకు యథాతథంగా అతకదు. పద్ధతి మాత్రం అతుకుతుంది. మన దగ్గరేమో కొలవడం అటుంచితే, 2020 జనవరిలో కేంద్రం, అన్వేషణ బావులకు పర్యావరణ ప్రభావ నివేదికా ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదనేసింది. అంటే అన్వేషణ బావి తవ్వకముందు ఊరు అడిగే ఆ ఒక్క అవకాశమూ పోయింది.

బావి దూరాన్ని కొలవడం పెద్ద ఖర్చేం కాదు. బిడ్డ బరువు, కాన్పు తేదీ తల్లీబిడ్డల కార్డులోనే ఉంటాయి. బావులెక్కడున్నాయో ఓఎన్‌జీసీకి తెలుసు. రెండూ ఒకే మ్యాపు మీద పెట్టించి, వచ్చిన లెక్కను పంచాయతీ గోడకు అంటించమని జిల్లా కలెక్టరును గ్రామసభలు తీర్మానం చేసి మరీ అడగాలి, తరవాతి రిగ్గు దిగకముందే.