అపజయమెరుగని వీరుడే మహావీరుడా?

జయాపజయాలు దైవాధీనాలని పెద్దలు అంటారు. కాని లోకం మాత్రం జయాన్ని నెత్తిన పెట్టుకుంటుంది, అపజయాన్ని వీధిలో విడిచి వెళ్ళిపోతుంది. క్రీడారంగంలో ఈ పక్షపాతం మరీ హెచ్చు. అందునా బాక్సింగ్ అనే ముష్టియుద్ధంలో ఇది పరాకాష్ఠకు చేరుకుంటుంది. క్రికెట్‌లో ఒకడు విఫలుడైతే పదిమంది ఆదుకోగలరు. ముష్టియుద్ధపు బరిలో ఆదుకునేవాడు లేడు. గెలుపూ ఒక్కడిదే, ఓటమీ ఒక్కడిదే. కనుకనే "ఇతడు ఎన్నడూ ఓడిపోలేదు" అన్న ఒక్క వాక్యం ఆ రంగంలో బిరుదులన్నింటినీ మించిన బిరుదుగా చలామణీ అవుతున్నది. అయితే, ఓడిపోకపోవడం ఒక్కటే గొప్పతనానికి చాలిన నిదర్శనమా? ఓడిపోయిన వారికి ఆ మాట దక్కదా? ఈ ప్రశ్నను నిష్పక్షపాతంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురు కాలేదు. 2024 ఆగస్టు 1వ తేదీన పారిస్ ఒలింపిక్స్‌లో మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్, చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5 తేడాతో పరాజయం పొందింది. ఆ సాయంత్రం బంజారాహిల్స్‌లోని ఒక ఇరానీ హోటల్లో మిత్రులం కొందరం కూర్చున్నాం. "ఊరికే ఆకాశానికి ఎత్తారు. పతకం లేకుండా తిరిగి వస్తున్నది. గొప్పవాళ్ళంటే మేవెదర్‌లా ఉండాలి, యాభైకి యాభై!" అని ఒక మిత్రుడు తేల్చివేశాడు. మాలో నిజామాబాదు నుండి వచ్చిన మిత్రుడొకడు బదులు చెప్పకుండా, సగం తాగిన చాయ్‌ని అక్కడే వదలి లేచి వెళ్ళిపోయాడు. అతడు ఇవ్వని సమాధానం ఏమై ఉండవచ్చునని ఆనాటి నుండి ఆలోచిస్తూనే ఉన్నాను.

ముందుగా అజేయుల పక్షాన చెప్పవలసినది చెప్పడం ధర్మం. అమెరికాకు చెందిన రాకీ మార్సియానో 49 పోటీలలో పాల్గొని 49 గెలిచాడు. వాటిలో 43 ప్రత్యర్థిని పడగొట్టి సాధించిన నాకౌట్ విజయాలు. 1952 సెప్టెంబరులో జెర్సీ జో వాల్కాట్‌తో జరిగిన పోటీలో మొదటి రౌండులోనే కిందపడ్డాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి పాయింట్లలో వెనుకబడి ఉన్నాడు. పదమూడవ రౌండులో ఒకే ఒక్క దెబ్బతో వాల్కాట్‌ను కూలగొట్టి హెవీవెయిట్ ప్రపంచ విజేత అయ్యాడు. 1956లో అపజయమన్నది లేకుండానే విరమించుకున్నాడు. ఇటువంటి పట్టుదలను తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు.

కాని అంకె ఎంత చెబుతుందో అంత దాచిపెడుతుంది కూడా. మార్సియానో 1951లో జో లూయీని ఓడించేనాటికి లూయీ వయసు 37. వాల్కాట్ వయసు 38. చివరి పోటీలో ఎదుర్కొన్న ఆర్చీ మూర్ కూడా నలభైకి చేరువైనవాడే. అందులో మార్సియానో తప్పు లేదు. ఆ కాలంలో ఎదురుగా ఉన్నవారితోనే అతడు పోరాడాడు. అయినా 49 అన్న అంకె ఒంటరిగా నిలబడి ఈ సంగతి మనకు చెప్పదు. ఎవరితో, ఎప్పుడు, ఏ స్థితిలో అన్న మూడు ప్రశ్నలను మనమే వేసుకోవాలి.

ఇక మా మిత్రుడు ఉదహరించిన ఫ్లాయిడ్ మేవెదర్ సంగతి. ఐదు వేర్వేరు బరువు తరగతులలో ప్రపంచ బిరుదులు పొందిన మహా నేర్పరి అతడు. శత్రువు దెబ్బను వెంట్రుకవాసిలో తప్పించుకునే విద్యలో అతనికి సాటి రాగలవారు అరుదు. అయితే మానీ పాకియావ్‌తో అతని పోటీకి 2009లోనే సంప్రదింపులు మొదలైనా, అది జరిగింది 2015 మే నెలలో. అప్పటికి మేవెదర్‌కు 38 ఏళ్ళు, పాకియావ్‌కు 36. ఇద్దరి పరువమూ దాటిన తరువాత జరిగిన ఆ పోటీ, పరువంలో ఉండగా ఎవరు మిన్న అన్న ప్రశ్నకు సమాధానం కాజాలదు. ఇక యాభైయవ విజయం 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్ వేరొక పోరాటవిద్యలో విజేతే కాని, వృత్తి బాక్సింగ్‌లో అది అతనికి మొట్టమొదటి పోటీ!

అన్నింటికంటె గమనార్హమైన విషయం మరొకటి ఉన్నది. ఆ మేవెదర్ కూడా ఓడినవాడే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో బల్గేరియాకు చెందిన సెరఫిమ్ తొదొరోవ్ చేతిలో 10-9 తేడాతో ఓడిపోయి కాంస్య పతకంతో తిరిగి వెళ్ళాడు. ఆ తీర్పు అన్యాయమని అమెరికా జట్టు నిరసన తెలిపినా ఫలితం మారలేదు. ఈ ఓటమి "యాభైకి యాభై"లో ఎందుకు కనిపించదు? ఎందుకంటే అది అమెచ్యూర్ పోటీ. వృత్తి బాక్సింగ్ లెక్క వేరు, అమెచ్యూర్ లెక్క వేరు.

ఈ రెండింటి భేదం తెలియనిదే మన ప్రశ్నకు సమాధానం దొరకదు. వృత్తి బాక్సింగ్‌లో ఎవరితో పోరాడాలి, ఎప్పుడు, ఎక్కడ, ఏ బరువులో, ఎంత సొమ్ముకు అన్నవన్నీ ఒప్పందం మీద నడుస్తాయి. ఇష్టం లేని ప్రత్యర్థిని ఏళ్ళ తరబడి దూరంగా ఉంచవచ్చు. ప్రపంచ బిరుదు కోసం పురుషులు పన్నెండు రౌండ్లు పోరాడతారు. పూర్వం పదిహేను ఉండేవి. ఆరంభంలో పొరపాటు చేసినవాడు సర్దుకోవడానికి అక్కడ వ్యవధి ఉంటుంది. ఒలింపిక్స్ వంటి అమెచ్యూర్ పోటీలలో అటువంటి వెసులుబాటు లేదు. డ్రాలో ఎవరి పేరు వస్తే వారితోనే తలపడాలి. మూడు నిమిషాల చొప్పున మూడే రౌండ్లు, అంటే మొత్తం తొమ్మిది నిమిషాలు. ఐదుగురు న్యాయనిర్ణేతలు చెప్పిందే తీర్పు. గెలిస్తే కొద్దిరోజులలోనే మరొకరు సిద్ధంగా ఉంటారు. ఓడితే సామాను సర్దుకోవడమే. ఇటువంటి బరిలో జీవితాంతం అజేయంగా ఉండాలనడం, వానలో నడుస్తూ తడవకూడదని కోరడం వంటిది.

ఇప్పుడు ఓడినవారి వైపు చూద్దాం. ముహమ్మద్ అలీ తన జీవితంలో 61 పోటీలలో 56 గెలిచి 5 ఓడాడు. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని నిరాకరించినందుకు 1967లో బిరుదు కోల్పోయి, మూడేళ్ళకు పైగా బరికి దూరమయ్యాడు. 31 వరుస విజయాల తరువాత 1971 మార్చిలో జో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. 1973లో కెన్ నార్టన్ చేతిలో దవడ విరిగి ఓడాడు. 1978లో లియాన్ స్పింక్స్ చేతిలోనూ ఓడాడు. ఆ ముగ్గురినీ మళ్ళీ ఎదుర్కొని ముగ్గురినీ గెలిచాడు. 1974 అక్టోబరులో కిన్షాసా నగరంలో అతని ఎదుట నిలిచిన జార్జ్ ఫోర్‌మన్ అప్పటికి 40 పోటీలలో ఓటమి ఎరుగనివాడు. ఆ రాత్రి ఎనిమిదవ రౌండులో నేలకొరిగినది ఆ అజేయుడే, నిలిచినది రెండుసార్లు ఓడిన అలీ.

ఫోర్‌మన్ కథ అంతటితో ముగియలేదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1994 నవంబరులో, 45 ఏళ్ళ వయసున మైకేల్ మూరర్‌ను పడగొట్టి తిరిగి ప్రపంచ విజేత అయ్యాడు. ఆనాడు ఓటమి ఎరుగనివాడు మూరర్. లోకానికి ఫోర్‌మన్ తొలి నలభై విజయాలకంటె ఈ ఒక్క విజయం మీదనే మక్కువ ఎక్కువ. ఎందువలన? ఈ విజయం వెనుక ఒక ఓటమి ఉన్నది కనుక.

అయితే అజేయులందరూ పోటీని తప్పించుకున్నవారే అనుకోవడం కూడా పొరపాటు. మన తాలీంఖానాల ఉస్తాదులు భక్తితో తలచుకునే గామా పహిల్వాన్ ఉన్నాడు. 1910లో ప్రత్యర్థులను వెదుక్కుంటూ లండన్ దాకా వెళ్ళాడు. అక్కడ పోలెండ్ మల్లుడు జిబిస్కోతో రెండు గంటలకు పైగా సాగిన కుస్తీ ఫలితం తేలకుండా ముగిసింది. మళ్ళీ తలపడవలసిన రోజున జిబిస్కో రానేలేదు. 1928లో పాటియాలాలో వారిద్దరూ తిరిగి కలుసుకున్నప్పుడు గామా ఒక్క నిమిషంలోపుననే అతనిని చిత్తు చేశాడు. గామాను గొప్పవాడిని చేసినది అతడు ఓడకపోవడం కాదు, ఓడించగలవాని కోసం సముద్రాలు దాటి వెదకడం.

దీనిని బట్టి మనకు నాలుగు కొలమానాలు లభిస్తున్నవి. మొదటిది, తన కాలపు మేటివారిని ఎదుర్కొన్నాడా? రెండవది, వారు పరువంలో ఉన్నప్పుడే ఎదుర్కొన్నాడా? మూడవది, ఓడిపోయే అవకాశం ఉన్నచోటికి తానై వెళ్ళాడా? నాలుగవది, పడినప్పుడు లేచాడా? అపజయమెరుగని వీరుడికి మొదటి మూడు పరీక్షలలో ఉత్తీర్ణుడయ్యే అవకాశం ఉన్నది. నాలుగవ పరీక్ష అతనికి పూర్తిగా పెట్టనే లేదు. అది అతని లోపం కాదు. కాని రాయని పరీక్షకు మార్కులు వేయడం కూడా న్యాయం కాదు.

ఈ కొలమానాలతో నిఖత్ జరీన్‌ను తూచి చూద్దాం. 1996లో నిజామాబాదులో పుట్టిన ఈమె తొలుత పరుగుపందేల బాలిక. తండ్రి జమీల్ అహ్మద్ ప్రోత్సాహంతో, ఆ ఊరి శిక్షకుడు శంసాముద్దీన్ వద్ద చేతికి గ్లవ్స్ తొడుక్కుని, తరువాత విశాఖపట్నంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందింది. 2011లో తుర్కియే దేశంలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి గాయమై చాలాకాలం బరికి దూరమైంది.

2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్‌తో తనకు పోటీ పెట్టమని కేంద్ర క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ వ్రాసింది. ఆ డిసెంబరులో ఢిల్లీలో ఆ పోటీ జరిగింది. నిఖత్ 1-9 తేడాతో ఓడిపోయింది. లెక్కపుస్తకంలో అది ఓటమి. మన మూడవ కొలమానంలో మాత్రం, తనకంటె బలవంతురాలిని తానై పిలిచి తలపడిన ఘట్టం.

నాలుగవ కొలమానానికి సాక్ష్యం 2022 మే నెలలో వచ్చింది. ఇస్తాంబుల్ నగరంలో 52 కిలోల ఫైనల్లో థాయిలాండ్ యోధురాలు జిత్‌పాంగ్ జుతామాస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ విజేత అయింది. ఆ ఏడాదే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో రెండవ ప్రపంచ బిరుదు. అదే సంవత్సరం హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నది. పారిస్‌లో సీడింగ్ లేకుండా దిగి, రెండవ పోటీలోనే వూ యూకు ఎదురైంది. ఆ వూ యూ అంతకుముందు సంవత్సరమే 52 కిలోలలో ప్రపంచ విజేత. పారిస్‌లో స్వర్ణ పతకం కూడా ఆమెదే. నిఖత్ ఓడినది ఎవరికో కాదు, ఆ క్రీడల విజేతకే. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణంతో నిఖత్ మళ్ళీ లేచి నిలబడింది.

ఇంతకూ, ఓడిపోవడమే గొప్పతనమని నేను చెబుతున్నానా? కాదు. పారిస్‌లో వూ యూ మేలుగా పోరాడింది, నిఖత్ ఓడింది. ఆ నిజాన్ని తేనెపూసి చెప్పనక్కరలేదు. ఒలింపిక్ పతకం ఆమెకు ఇంకా దక్కవలసిన వస్తువే. అజేయుడికి గొప్పవాడన్న మాట తగదనీ నేను అనను. మార్సియానోకు, మేవెదర్‌కు వారివారి స్థానాలు ఉన్నవి. నా మనవి ఒక్కటే. ఓడకపోవడం అనేది ఒక లెక్క, గొప్పతనం అనేది ఒక గుణం. లెక్క చూసి గుణాన్ని ఊహించవచ్చునే గాని, లెక్కనే గుణమని భ్రమించరాదు.

ఈ భ్రమ వలన కలిగే నష్టం బరికే పరిమితం కాదు. ఒక సామాన్య ముస్లిం కుటుంబంలోని బాలిక గ్లవ్స్ తొడుక్కుంటానన్నప్పుడు, బంధువులలో కొందరు ముఖం చిట్లిస్తారు. ఆమె గెలిస్తే వారే మిఠాయిలు పంచుతారు. ఓడితే "మేము ముందే చెప్పలేదా?" అంటారు. అబ్బాయి ఓటమి ఒక్కరోజు మాట, అమ్మాయి ఓటమి ఆమె వెనుక వచ్చే పదిమంది అమ్మాయిలకు అడ్డుగోడ. ఓడనివారే గొప్పవారని మనం హోటల్ బల్ల దగ్గర తీర్పు చెప్పినప్పుడల్లా, ఆ గోడ మీద మరొక ఇటుక పెడుతున్నామని మరువరాదు.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష తప్పుతామన్న భయంతో ఫీజు కట్టనివాడు ఎన్నడూ పరీక్ష తప్పడు. ఇంటర్వ్యూకు వెళ్ళనివాడిని ఎవరూ తిరస్కరించరు. అటువంటి అజేయులు మన మధ్య చాలామంది ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు. చాయ్ వదలి లేచిపోయిన నా మిత్రునికి ఇన్నాళ్ళకు నేను అందించగలిగిన సమాధానం ఇది: నీ ఊరి అమ్మాయి ఓడింది, నిజమే. కాని ఓడగలిగిన చోటికి ఆమె వెళ్ళింది, వెళ్ళి ఓడింది, ఓడి మళ్ళీ వెళ్ళింది. గొప్పతనానికి ఇంతకంటె వేరు సాక్ష్యం వెదకవలసిన పనిలేదు.