యంత్రపు వేగులవారు

పూర్వము రాజులు కోటలో కూర్చుండియే రాజ్యమునందలి వార్తల నెరిగెడివారు. వేగులవారే వారికి కన్నులు. వేగు నిజమైనచో రాజాజ్ఞ సరిగా నుండును. వేగు కల్లయైనచో ఎంత వివేకియైన రాజైనను పొరపడును. నేటి కారు యంత్రమునందును ఇట్టి యేర్పాటే కలదు.

మన దేశమున 2000 సంవత్సరమునకు పూర్వము అమ్ముడైన పెట్రోలు కార్లలో చాలవానికి కార్బురేటరు ఉండెడిది. గాలిని, పెట్రోలును కలిపి యంత్రమున కందించుట దాని పని. పొగను తగ్గించుటకై ప్రభుత్వము 2000 నుండి కఠిన నియమములు విధింపగా, క్రమముగా దాని స్థానమున ఇంజెక్టర్లు వచ్చినవి. ఇంజెక్టరు ఎంత పెట్రోలు చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. దానికి వేగు తెచ్చునవే సెన్సర్లు. ఒకటి లోనికి వచ్చు గాలి సంగతి చెప్పును. ఒకటి క్రాంకు దండము తిరుగుటను కనిపెట్టును. ఒకటి పొగగొట్టమున మిగిలిన ప్రాణవాయువును పరీక్షించును. మరియొకటి యంత్రమును చల్లార్చు ద్రవము యొక్క వేడిని తెలుపును.

ఈ కడపటి దానిని గూర్చి నేను స్వానుభవమున నేర్చుకొంటిని. అద్దంకిలో నాకొక పాత కారు కలదు. దానికి ఇరువది యేండ్లు దాటినవి. ఒక ఫాల్గుణ మాసమున, కల్లములలో మిరపకాయలు ఎండుచున్న దినములలో, పొరుగింటి రైతు కుమార్తెకు పురిటినొప్పులు వచ్చినవి. ఆమెను, తల్లిని ఎక్కించుకొని ఒంగోలునకు బయలుదేరితిని. మేదరమెట్లకడ మంచినీళ్లకై క్షణకాలము నిలిపితిని. మరల తాళము త్రిప్పగా యంత్రము గిరగిర తిరిగెనే కాని అందుకొనలేదు. పెట్రోలు వాసన మాత్రము గుప్పుమనెను. వెనుక వచ్చుచున్న కారువాడొకడు దయతలచి వారిని వైద్యశాలకు చేర్చెను. తల్లియు బిడ్డయు క్షేమముగా నుండిరి. కాని యా పావుగంటను నేను మరువజాలను.

పిమ్మట ఒక మెకానిక్కు ప్లగ్గులు మార్చెను, ఫలము లేదు. మరియొకడు కంప్యూటరే చెడినదనియు, వేల రూపాయలు కావలెననియు చెప్పెను. పాలిటెక్నిక్ చదువుచున్న నా మనుమడు "తాతయ్యా! మార్చుటకు ముందు కొలిచి చూతము" అనెను. కారు ఉదయమున చక్కగా కదలుచుండెను. వేడెక్కిన పిదపనే మొరాయించుచుండెను. తీసిన ప్లగ్గులు మసిపట్టి తడిగా నుండెను. ఈ రెండు గురుతులును, వేడి యంత్రమునకు పెట్రోలు మితిమీరి చేరుచున్నదని చెప్పుచుండెను.

లోహపు తీగ వేడెక్కినకొలది విద్యుత్తునకు నిరోధము పెరుగును. ఈ సెన్సరులోని పదార్థము తీరు అందుకు విరుద్ధము. వేడెక్కినకొలది నిరోధము తగ్గును. 1833లో మైకేల్ ఫారడే సిల్వరు సల్ఫైడునందు ఇట్టి గుణమును కనుగొనెను. చాల కార్ల సెన్సర్లలో నిరోధము 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉండును.

రాత్రియంతయు చల్లారిన యంత్రముపై మేము పని మొదలిడితిమి. ముందుగా బ్యాటరీ ఋణధ్రువపు తీగను ఊడదీసితిమి. సెన్సరు తొడుగును తీసి, పిన్నులకు కిలుము పట్టలేదనియు, తీగ తెగలేదనియు నిశ్చయించుకొంటిమి. పిదప సెన్సరును విప్పి, కారిన ద్రవమును పళ్లెమున పట్టితిమి. సెన్సరు కొన మాత్రము నీట మునుగునట్లు గిన్నెలో వ్రేలాడదీసి, మల్టీమీటరు తగిలించి, గిన్నెను పొయ్యిపై నుంచితిమి. చల్లని నీటిలో రెండు వేల ఓములకు పైగా చూపెను. నీరు మరుగుచున్నను సంఖ్య రెండు వేల చేరువనే నిలిచెను! యంత్రము కాగుచుండగా ఈ వేగులవాడు "చల్లగా నున్నది ప్రభూ" అని విన్నవించుచుండెను. కంప్యూటరు దానిని నమ్మి పెట్రోలు అధికముగా నిచ్చుచుండెను. తీగ తెగినచో అసంభవమైన సంఖ్య వచ్చి హెచ్చరిక దీపము వెలిగెడిది. ఇది నమ్మదగిన అబద్ధము. కావున దీపము వెలుగలేదు.

క్రొత్త సెన్సరునకు కొన్ని వందల రూపాయలే అయినవి. దానిని సైతము అట్లే పరీక్షించి, క్రొత్త వాషరుతో మొదట చేతితోనే త్రిప్పి, పిదప పనిముట్టుతో మెల్లగా బిగించితిమి. బలముగా బిగించినచో అల్యూమినియపు మరలు చెడును. తగ్గిన ద్రవమును నింపి, లోని గాలిని వెడలించి, కారుట లేదని చూచితిమి. నాటినుండి కారు ఎండలోను మొరాయింపలేదు.

బాలలారా! ఇట్టి పనిని పెద్దల తోడు లేక చేయరాదు. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును తెరువరాదు; ఆవిరి చిమ్మి ఒడలు కాలును. శీతలద్రవము తియ్యగా నుండు విషము. పసిపిల్లలకును కుక్కలకును అందనీయరాదు. బ్రేకులను, గాలిసంచులను నిపుణులకే విడువవలెను.

మా రైతు కుప్పలో తడికాయ తగిలినదని కుప్పనంతయు పారవేయడు. లోనికి చేయి పోనిచ్చి, పిడికెడు కాయలు తీసి, గింజల గలగల విని, చెమ్మగిల్లిన వానినే ఏరివేయును. యంత్రము విషయమునను అంతియే. రాజును మార్చుటకు ముందు వేగులవానిని పరీక్షింపవలెను.