గడప దాటని ఉత్తరం

రాత్రి తొమ్మిదింటికి చెన్నైనుంచి మా అక్కయ్య కొడుకు ఫోను చేశాడు.

"మామయ్యా, అమ్మ స్కానింగు రిపోర్టులు రాలేదేం? పొద్దున్నే డాక్టరుగారికి చూపించాలి!"

"మధ్యాహ్నమే పంపాను గదరా!" అన్నాను, కొంచెం కోపంగానే. తీరా కంప్యూటరు తెరిచి చూద్దును గదా, నా ఈమెయిలు అవుట్‌బాక్సులోనే కూర్చుని ఉంది. వచ్చే ఉత్తరాలు మాత్రం నిక్షేపంగా వస్తున్నాయి!

పక్కింటి కుర్రవాణ్ణి పిలిచాను. వాడు ముందు బ్రౌజరులో అదే ఖాతా తెరిచి రిపోర్టులు పంపేశాడు. క్షణంలో అందాయి.

"చూశారా బాబాయిగారూ, లోపం మెయిలు సర్వీసులో లేదు, మీ ఇంట్లోనే ఉంది" అన్నాడు.

సంగతేమంటే, రాకకూ పోకకూ దారులు వేరట. వచ్చే ఉత్తరాలది 993 లేక 995 నంబరు పోర్టు. పోయేవాటిది 465 లేక 587. ఆ పోయే దారిలో మా యాంటీవైరస్ కాపలా కూర్చుంది. ఈనాటి ఈమెయిళ్ళు సీలు వేసిన కవర్లలా రహస్యలిపిలో పోతాయి. వాటిని విప్పి చూడాలంటే యాంటీవైరస్, సర్వరుకు బదులు తన సొంత సర్టిఫికెట్టు చూపాలి. మా మెయిలు ప్రోగ్రాము దాన్ని నమ్మలేదు, ఉత్తరం చేతికివ్వలేదు.

"అయితే ఆ యాంటీవైరస్‌నే తీసిపారేద్దాం" అన్నాను.

"పోస్టుమాన్‌మీద మొరిగిందని కుక్కను వెళ్ళగొడతామా?" అని నవ్వి, సెట్టింగుల్లో బయటికి పోయే మెయిలు తనిఖీ ఒక్కటే ఆపాడు. ఫైళ్ళ కాపలా యథాప్రకారమే ఉంది. మళ్ళీ "పంపు" నొక్కితే ఉత్తరం తుర్రుమంది.

ఆనాటినుంచి ఏ ఉత్తరం పంపినా, అది 'పంపినవి'లో చేరిందని చూసుకుంటేగాని కుర్చీలోంచి లేవను.