పలకకు ముందు చింతగింజలు

తెలుగు ఎం. ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పేవాడిని గదా అని, మా అమ్మాయికి మూడేళ్ళు నిండగానే ఓనమాలు దిద్దించబోయాను. పది రోజులకల్లా పలక కనబడితే చాలు, మంచం కింద దూరేది. తప్పు పలకది కాదు, నాది.

చివరికి మా ఆవిడ పిల్లను అంగన్‌వాడీలో చేర్చింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే కేంద్రాలివి. ఆరేళ్ళలోపు పసివారికి పోషకాహారం, టీకాలు; మూడు దాటినవారికి ఆటపాటల చదువు.

ఒకనాడు వెళ్ళి చూద్దును గదా, పిల్లలంతా చింతగింజలూ, సీతాఫలం గింజలూ వేరుచేస్తున్నారు!

"ఏమమ్మా, అక్షరాలెప్పుడు?" అన్నాను.

"ఇవీ అక్షరాలే మాస్టారూ! ముందు వేళ్ళకు పట్టు చిక్కాలి, చెవికి మాట చిక్కాలి. ఆ తరువాత పలక ఎక్కడికి పోతుంది?" అన్నది టీచరమ్మ నవ్వుతూ.

నాకు మాట పెగలలేదు. లిపికన్న నోటిమాటే ముందు పుట్టిందని క్లాసులో ఏటేటా చెప్పేవాడిని, ఇంట్లో మరిచాను! 1939లో మదరాసు వచ్చిన మాంటిస్సోరీ పద్ధతిలోనూ రాతకు ముందు చేతిపనే గదా.

మొన్న రాత్రి అమ్మాయి గింజలు వరసగా పేర్చి, "నాన్నా, ఇది పాము, ఇది పాము పిల్ల" అంటూ కథ మొదలుపెట్టింది. పలక అటకమీద ఉంది. తొందరేముంది?