నల్లకోటు ధరించుటకు ముందు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, విజయవాడకు పోవు రహదారి ప్రక్కన, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను రెండు పేటలు కలవు. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములకును, శిక్షణ కేంద్రములకును పేరుపొందినది. నల్లగొండ, ఖమ్మము మొదలగు జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు అచ్చటి ఇరుకు గదులలో నివసించుచు ఏదో యొక పరీక్షకు చదువుచుందురు. ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు కలవు. మెట్రో రైలులో ఈ రెండింటి నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషనులు మాత్రమే యున్నవి. అయినను దిల్‌సుఖ్‌నగర్ గదిలో చదువుకొను విద్యార్థి ఎల్.బి.నగర్ న్యాయస్థానమున నల్లకోటు ధరించి నిలుచుటకు కొన్ని సంవత్సరములు పట్టును.

ఇంత కాలమెందులకని అడుగవచ్చును. న్యాయస్థానమునకు వచ్చువారిని చూచినచో కారణము తెలియును. హద్దు తగాదాలో చిక్కిన రైతు, మనోవర్తి కోరు స్త్రీ, రోడ్డు ప్రమాదమున కుమారుని కోల్పోయి నష్టపరిహారమునకై తిరుగు తండ్రి, వీరందరును తమ కాగితములను అంతకుముందెన్నడును ఎరుగని యొక మనుష్యుని చేతిలో పెట్టుదురు. ఆ కాగితములలో ఏమున్నదో వారిలో పెక్కుమందికి తెలియదు. సివిలు దావాలో ఓడినవాడు జిల్లా న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనవలెనన్నచో 30 దినములును, హైకోర్టునకు చేసికొనవలెనన్నచో 90 దినములును గడువు. ఆ గడువు సంగతి వకీలు ఎరుగకపోయినచో, తగిన కారణము చూపి ఆలస్యమును మన్నింపుమని ప్రార్థించుట తప్ప వేరు దారి లేదు. న్యాయమూర్తి మన్నింపనిచో పోవునది రైతు పొలము. వకీలు పొలము కాదు. అందువలననే 1961 నాటి అడ్వకేట్ల చట్టము, పట్టికలో పేరు నమోదైనవారికి మాత్రమే న్యాయవాదవృత్తి చేయు హక్కు నొసగినది.

ఈ మార్గమున మొదటి మెట్టు లాసెట్ అను ప్రవేశపరీక్ష. ఇంటర్మీడియట్ ముగించినవారు ఐదేండ్ల చదువునకును, పట్టభద్రులు మూడేండ్ల చదువునకును దీనిని వ్రాయుదురు. 120 ప్రశ్నలకు 90 నిమిషముల వ్యవధి. శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయమునకు మాత్రము క్లాట్ అను వేరొక పరీక్ష కలదు.

న్యాయశాస్త్ర పట్టము చేతికి వచ్చినంతనే న్యాయవాది యైనట్లు కాదు. 21 సంవత్సరములు నిండిన పట్టభద్రుడు రాష్ట్ర బార్ కౌన్సిలునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. చదువునకు సంబంధించిన పత్రములను జతపరచవలెను. నీతిబాహ్యమైన నేరమునకు శిక్ష పొందినవాని పేరును, విడుదలయై రెండు సంవత్సరములు గడచువరకు, పట్టికలో చేర్చరు. పూర్తికాలము జీతమునకు పనిచేయువాడు ఆ యుద్యోగమును విడువక న్యాయవాదవృత్తి చేయరాదు. పగలు కొలువు చేయుచు చదువుకొన్నవానికి ఇది కఠినమైన ఘట్టము. నెలనెలా వచ్చు జీతము ఆగిపోవును. క్రొత్త వకీలునకు కేసులు వెంటనే రావు.

రుసుము విషయమున మరియొక చిక్కు ఉండెడిది. చట్టము ప్రకారము చెల్లించవలసినది 750 రూపాయలు. షెడ్యూల్డు కులములవారును, తెగలవారును 125 రూపాయలు చెల్లించిన చాలును. కాని పెక్కు రాష్ట్రములలో నానావిధములైన పేర్లతో వేలకొలది రూపాయలు వసూలు చేయుచుండిరి. చట్టము నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసికొనరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30వ తేదీన తీర్పు చెప్పెను. బీదవాని కుమారుని వృత్తి గుమ్మముకడనే ఆపివేయుట సమానత్వమునకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశము.

పట్టికలో పేరెక్కినవారు రెండు సంవత్సరములలో అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను. ఇందు 100 ప్రశ్నలు. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. నూటికి 45, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 40 మార్కులు వచ్చిన చాలును. చూచుటకు ఇది సులభముగనే తోచును. వ్యాఖ్యానములు లేని మూల చట్టముల పుస్తకములను వెంట తీసికొనిపోవుటకు కూడ అనుమతి కలదు! కాని పుస్తకమెన్నడును తెరువనివానికి ఆ పుస్తకములు బరువే తప్ప సాయము కావు. ఏ విషయము ఏ చట్టమున, ఏ భాగమున నున్నదో ఎరిగినవాడే రెండు నిమిషములలో దానిని తీయగలడు. నిజమైన న్యాయస్థానమునను వకీలు చేయవలసిన పని ఇదియే గదా! ఇందులో వృత్తిధర్మమునకు నాలుగు ప్రశ్నలు మాత్రమే కేటాయించిరి. అది స్వల్పమే. కేసు గెలిచిన పిమ్మట వచ్చు సొమ్ములో వకీలు వాటా కోరరాదనియు, పనికొరకై ప్రకటనలు చేసికొనరాదనియు చెప్పు నియమములు అందే కలవు.

2024 జూలై 1 నుండి ఈ చదువు మరికొంత బరువైనది. భారత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చెను. నేరవిచారణ విధానమునకును, సాక్ష్యమునకును గూడ క్రొత్త చట్టములు వచ్చెను. ఆ తేదీకి ముందు జరిగిన నేరమునకు శిక్ష పాత స్మృతి ననుసరించియే విధింతురు. కనుక యువ న్యాయవాది రెండింటిని ఎరిగియుండవలెను.

ఈ పరీక్ష ఎల్లకాలము నున్నది కాదు. 1961 చట్టములో శిక్షణయు, పరీక్షయు నుండెను. 1973లో చేసిన సవరణ వానిని తొలగించెను. 1995లో బార్ కౌన్సిల్ శిక్షణను మరల నిర్బంధము చేయగా, 1999లో సుప్రీంకోర్టు ఆ నియమములను కొట్టివేసెను. 2010లో నిర్ణయింపబడిన ప్రస్తుత పరీక్ష తొలిసారి 2011 మార్చి 6న జరిగెను. దానిని గూర్చియు వ్యాజ్యములు నడచెను. తుదకు 2023 ఫిబ్రవరి 10న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పరీక్ష నడుపు అధికారము బార్ కౌన్సిలునకు కలదని తేల్చెను.

పూర్వమున్న అడ్డంకులు వేరు. టంగుటూరి ప్రకాశం మొదట రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరు. ఆ తరగతివారు ఎంత సమర్థులైనను హైకోర్టులో వాదింపరాదు. అందుచేత ఆయన ఇంగ్లండునకు పోయి బారిస్టరై వచ్చి మద్రాసులో వాదించెను. అట్లు సముద్రము దాటగల వారెందరు? స్త్రీలకు ఈ వృత్తి ద్వారమును 1923 నాటి చట్టము తెరచెను. పిమ్మట దుర్గాబాయి మద్రాసున న్యాయశాస్త్రము చదివి 1942లో పట్టము పొందెను. హైదరాబాదు సంస్థానమున న్యాయస్థానముల భాష ఉర్దూ. తెలుగు రైతు పక్షమున వాదించు వకీలు ఆ భాషలోనే వాదింపవలసి యుండెను. ఎల్.బి.నగర్ న్యాయస్థానములున్న జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి ఆ కాలపు వకీలే.

పరీక్ష నెగ్గినవాడు సాధారణముగా ఒక సీనియరు న్యాయవాది వద్ద చేరును. ఉదయమే కట్టలు మోయుట, వాయిదా తేదీలు వ్రాసికొనుట, సీనియరు వేరొక కోర్టులో నున్నప్పుడు లేచి నిలిచి గడువు కోరుట అతని తొలి పనులు. కొంతకాలమునకు ఎవరో యొక కక్షిదారుడు అతనినే వెదకికొనుచు వచ్చును. అప్పుడు వకాలత్‌నామాపై సంక్షేమనిధి స్టాంపు అంటించి, కక్షిదారుని సంతకమో వ్రేలిముద్రయో తీసికొని, దాని క్రింద అతడు తన పేరును, పట్టికలోని తన సంఖ్యను వ్రాయును.