కడుపుతో ఉన్నప్పుడు ల్యూపస్ గోలీలు ఆపేయాలా? ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు

గర్భం వచ్చిందని తెలియగానే చాలా ఇళ్లలో మొదట చేసే పని, అప్పటిదాకా వేసుకుంటున్న గోలీలన్నీ పక్కన పెట్టించడం. "బిడ్డకు వేడి చేస్తుంది, ఏం వేసుకోకు" అంటారు. పెద్దవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ అమ్మాయికి ల్యూపస్ ఉండి, అది కిడ్నీలదాకా వెళ్లి ఉంటే ఈ సలహానే తల్లీబిడ్డల ప్రాణం మీదికి తెస్తుంది.

మా గల్లీలో ఒక ఆపాకు ఇదే జరిగింది. నిఖాకు ముందు నుంచే ల్యూపస్ ఉంది, గోలీలతో అదుపులోనే ఉంది. రెండో నెలలో అన్నీ ఆపేసింది. ఐదో నెలకు కాళ్లు, ముఖం ఉబ్బాయి. "కడుపుతో ఉన్నోళ్లకు వాపు మామూలే కదా" అని ఇంకో మూడు వారాలు గడిపారు. దవాఖానకు తీసుకెళ్లేసరికి బీపీ 170 దాటింది, మూత్రంలో ప్రొటీన్ బాగా పోతోంది. ఎనిమిదో నెల మొదట్లోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాప నెల రోజులకు పైగా ఐసీయూలో ఉండి ఇంటికొచ్చింది, అల్‌హందులిల్లాహ్. ఆపా మాత్రం ఇప్పటికీ కిడ్నీ డాక్టర్ చుట్టూ తిరుగుతూనే ఉంది.

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేయడం ల్యూపస్. ఈ జబ్బు ఉన్న పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే, అది కూడా ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, ఎండలోకి వెళ్తే ముఖంపై ఎర్రటి మచ్చలు, ఇవన్నీ బయటికి కనిపిస్తాయి. కిడ్నీ దెబ్బతినడం మాత్రం కనిపించదు, నొప్పి కూడా ఉండదు. మూత్రంలో నురగ, వాపు, బీపీ పెరగడం, ఇవే గుర్తులు. దీన్ని ల్యూపస్ నెఫ్రైటిస్ అంటారు.

ఒకప్పుడు ఇలాంటి వాళ్లకు పిల్లలు వద్దనే చెప్పేవారు. ఇప్పుడు అలా కాదు. కనీసం ఆరు నెలలు జబ్బు నెమ్మదించి ఉండాలి, బీపీ అదుపులో ఉండాలి, మూత్రంలో ప్రొటీన్ తక్కువగా ఉండాలి. అప్పుడు గర్భం దాలిస్తే చాలామందికి క్షేమంగానే కాన్పు అవుతోంది. అంటే డాక్టర్‌ను కలవాల్సింది కడుపు వచ్చాక కాదు, ముందే. కొత్త కోడలిని పెళ్లయిన మూడో నెల నుంచే "ఏమైనా విశేషమా" అని అడిగే బంధువులకు ఈ ఆరు నెలల సంగతి ఎవరు చెప్పాలో మరి!

ఇక మందుల విషయం. కొన్ని నిజంగానే బిడ్డకు ప్రమాదం. కిడ్నీ ల్యూపస్‌కు తరచుగా ఇచ్చే మైకోఫినోలేట్ వల్ల పుట్టుకతో లోపాలు రావచ్చు, గర్భం పోవచ్చు. దాన్ని గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపి, బదులుగా అజాథయోప్రిన్ లాంటిది మొదలుపెడతారు. మార్చిన మందు మీద జబ్బు నిలకడగా ఉందో లేదో కొన్ని నెలలు చూస్తారు. మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ కూడా పనికిరావు. లెఫ్లునోమైడ్ అయితే ఆపినా ఒంట్లో చాలా కాలం ఉండిపోతుంది, దాన్ని బయటికి పంపడానికి వేరే మందు వాడాలి. బీపీకి, ప్రొటీన్ తగ్గడానికి ఇచ్చే రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాటి స్థానంలో లాబెటలాల్, నిఫెడిపిన్ ఇస్తారు. నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జోలికి అసలు పోవద్దు.

ఆపకూడనివి కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో కరోనా మొదలైనప్పుడు అందరూ వెతికిన గోలీ ఇదే, అప్పుడు ల్యూపస్ రోగులకు దొరకక ఇబ్బంది పడ్డారు. గర్భంలో దీన్ని కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. ప్రెడ్నిసోలోన్ ఎప్పటినుంచో వేసుకుంటున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపితే కుప్పకూలిపోవచ్చు. అజాథయోప్రిన్, టాక్రోలిమస్ కూడా డాక్టర్ పర్యవేక్షణలో వాడేవే. వీటికి తోడు తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను సుమారు 12వ వారం నుంచి, 16 వారాలు దాటకముందే మొదలుపెడతారు. అనుకోకుండా కడుపు వస్తే? అన్నీ మానేయడం కాదు, ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి మందుల పేర్లు చదివి వినిపించండి.

రిపోర్టుల్లో ఒక మెలిక ఉంది. గర్భంలో కిడ్నీలు ఎక్కువగా పనిచేస్తాయి కాబట్టి క్రియాటినిన్ మామూలుగా తగ్గాలి. ల్యాబ్ కాగితం మీద 0.9 'నార్మల్' అనే ఉంటుంది. ఆ హద్దు కడుపుతో లేనివాళ్ల కోసం రాసింది. గర్భిణికి 0.9 వస్తే డాక్టర్ ఆలోచించాల్సిన అంకె అది.

ఇంకా పెద్ద చిక్కు ఏంటంటే, 20 వారాల తర్వాత బీపీ పెరిగి ప్రొటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియానా, ల్యూపస్ తిరగబెట్టిందా అన్నది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేరు. మొదటిదానికి చివరికి కాన్పు చేయడమే దారి. రెండోదానికి స్టెరాయిడ్లు, ఇతర మందులు పెంచాలి. రక్తంలో సీ3, సీ4 పడిపోయి, డీఎన్ఏ యాంటీబాడీలు పెరిగి, మూత్రంలో ఎర్ర రక్తకణాలు కనిపిస్తే ల్యూపస్ వైపు అనుమానం. కొన్నిసార్లు రెండూ కలిసే వస్తాయి. అందుకే గర్భానికి ముందు చేసిన పరీక్షల కాగితాలు పారేయొద్దు. పోల్చి చూడటానికి అవే ఆధారం.

మరో రెండు యాంటీబాడీ పరీక్షలు మొదట్లోనే చేయించుకోవాలి. ఆంటీ రో ఉంటే నూరు మందిలో సుమారు ఇద్దరి బిడ్డలకు గుండె కొట్టుకునే వేగం బాగా పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా బిడ్డ గుండెకు స్కాన్లు చేస్తారు. ఆంటీఫాస్ఫోలిపిడ్ ఉంటే రక్తం గడ్డకట్టి గర్భం పోవచ్చు. అలాంటి కొందరికి ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

రమజాన్ వస్తే రోజా సంగతి చాలామంది ఆపాలు అడుగుతారు. జబ్బు ఉన్నవాళ్లకు సూరహ్ అల్ బఖరాలోనే మినహాయింపు ఉంది, గర్భిణులకు కూడా ఉలమాలు వెసులుబాటు చెప్పారు. కిడ్నీ బాగాలేనప్పుడు రోజంతా నీళ్లు లేకుండా ఉండటం, గోలీల వేళలు తప్పించడం మంచిది కాదు.

మన దగ్గర ఉన్న అసలు సమస్య, ముగ్గురు డాక్టర్లు మూడు చోట్ల ఉండటం. నిమ్స్‌లో రుమటాలజీ, నెఫ్రాలజీ రెండూ ఉన్నాయి. కాన్పు కోసం చూపించుకునేది మాత్రం చాలామందికి పేట్లబుర్జ్‌లోనో, ఇంటి దగ్గరి నర్సింగ్‌హోంలోనో. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. ఒకే ఫైలు పెట్టుకుని ముగ్గురికీ అదే చూపించండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే రోజూ అంకె రాసి అందులోనే పెట్టండి.

కాన్పు అయ్యాక అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది, తల్లి గోలీలు మరిచిపోతారు. ఆ మొదటి నెలల్లోనూ జబ్బు తిరగబెట్టొచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసోలోన్ వేసుకుంటూ పాలు ఇవ్వొచ్చు. మళ్లీ వెంటనే గర్భం రాకుండా ఉండేందుకు ఈస్ట్రోజెన్ ఉన్న గోలీలు షాపులో అడిగి తెచ్చుకోవద్దు. జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లకు, ఆంటీఫాస్ఫోలిపిడ్ ఉన్నవాళ్లకు వాటితో రక్తం గడ్డకట్టే భయం ఉంది. లూప్ లాంటి వేరే పద్ధతుల గురించి డిశ్చార్జికి ముందే అడగండి.